సముద్రానికి 600 మీటర్ల దూరంలో లాన్ చుట్టూ మెటల్ బోర్డర్: పర్యావరణానికి నిజంగా ఏది మేలు?

రుషికొండ_పచ్చిక (ప్రశ్న)

విశాఖ రుషికొండలో బీచ్‌కి 600 మీటర్ల లోపలికి ఉన్న ఇంటికి తోట వేస్తున్నాం. ముందు లాన్, దాన్ని ఆనుకుని పూల మడులు, పెరట్లో రెండు ఆకుకూరల మడులు. బోర్డర్ మొత్తం 42 మీటర్లు వస్తోంది. అందులో 26 మీటర్లు లాన్ వంపులు. మిగతా 16 మీటర్లు కాలిబాట పక్కన, కూర మడుల చుట్టూ తిన్నగా వస్తుంది. నేల ఇసుక కలిసిన ఎర్రమట్టి. వేసేది గరిక జాతి గడ్డి కాబట్టి అడ్డు లేకపోతే మడుల్లోకి పాకేస్తుంది. బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి.

కాంట్రాక్టరు మూడు రకాలు చూపించారు. ఒకటి 3 ఎంఎం కార్టెన్ (పైన పట్టే తుప్పు పొరే రక్షణగా ఉండే ఉక్కు) షీటు, 100 ఎంఎం ఎత్తు. రెండోది 1.2 ఎంఎం జీఐ (జింక్ పూత ఉన్న ఇనుము) షీటు, పైన పౌడర్ కోటింగ్. మూడోది రెడీమేడ్ అల్యూమినియం పట్టీ. మూడింటికీ ఒకే మాట చెబుతున్నారు: మెటల్ కాబట్టి రీసైకిల్ అవుతుంది, పర్యావరణానికి మంచిది అని. ఏది పెట్టినా అడుగున సిమెంటు కాంక్రీటు పోసి బిగిస్తామంటున్నారు.

నాకు తెలియాల్సినవి: ఈ ఉప్పుగాలిలో ఏది ఎన్నేళ్లు ఉంటుంది? మట్టికి, కూరగాయలకి హాని ఏమైనా ఉందా? వీటికంటే మామూలు కాంక్రీటు కట్టే నయమా?

మైక్రాన్_లెక్క

మెటల్ రీసైకిల్ అవుతుందన్నది నిజమే. అయితే తుప్పై మట్టిలో కలిసిపోయిన ఇనుము తిరిగి కొలిమికి చేరదు. కాబట్టి మన తీరంలో ఏ మెటల్‌కైనా మొదట చూడాల్సింది ఆయుష్షు. దాన్ని అంకెల్లో పట్టుకోవచ్చు.

గాలి లోహాన్ని తినేసే గుణాన్ని బట్టి ఐఎస్ఓ 9223 ప్రమాణం ప్రాంతాలను సీ1 నుంచి సీ5 వరకు, ఆపైన సీఎక్స్‌గా విడగొట్టింది. సముద్రం నేరుగా కనిపించే స్థలాన్ని సీ5గానే తీసుకోండి. మధ్యలో రెండు మూడు వరసల మేడలు అడ్డుంటే సీ4 అనుకోవచ్చు. మొదటి ఏడాదిలో ఒక్కో వైపు అరిగే మందం మామూలు ఇనుముకి సీ4లో 50 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు), సీ5లో 80 నుంచి 200 మైక్రాన్లు. జింక్‌కి సీ4లో 2.1 నుంచి 4.2, సీ5లో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. అదే గాలిలో జింక్ ఇనుముకంటే సుమారు ఇరవై రెట్లు నెమ్మదిగా అరుగుతుందన్నమాట. తర్వాతి ఏళ్లలో వేగం కాస్త తగ్గొచ్చు. కానీ మట్టి, గాలి కలిసే గీత దగ్గర మాత్రం తగ్గదు. అక్కడ కింద తేమ, పైన ఆక్సిజన్ రెండూ ఉండటంతో గుంటలు పడతాయి. బోర్డర్ ఎప్పుడూ విరిగేది ఆ గీత దగ్గరే.

ఇప్పుడు మీ మూడు రకాలు చూద్దాం.

కార్టెన్ ఇక్కడ వద్దు. దానికి పైన గట్టిపడే తుప్పు పొరే రక్షణ. ఆ పొర గట్టిపడాలంటే తడవడం, పూర్తిగా ఆరడం మార్చి మార్చి జరగాలి. ఉప్పు పడితే ఆ పొర స్థిరపడదు, పొరలు పొరలుగా రాలుతూనే ఉంటుంది. తీరానికి రెండు కిలోమీటర్ల లోపు దీన్ని వాడొద్దని వంతెనల ఇంజనీర్లు పాటించే నియమం. పైగా సగం మట్టిలో ఉంటుంది కాబట్టి కింది సగం ఎప్పుడూ ఆరదు. అంటే మీరు కార్టెన్ ధర ఇచ్చి మామూలు ఇనుము ఆయుష్షు కొనుక్కుంటారు. 3 ఎంఎం షీటు రెండు వైపులా అరిగితే ఐదారేళ్లకే నేల గీత దగ్గర చిల్లులు మొదలవ్వొచ్చు. ఈలోగా వాన నీటితో కారే తుప్పు మరకలు కాలిబాట టైల్స్ మీద, లేత రంగు గ్రానైట్ మీద పడితే వదలవు.

1.2 ఎంఎం జీఐ షీటు సంగతి. బజారులో ఎక్కువగా దొరికేది 120 జీఎస్ఎం రకం. ఆ 120 గ్రాములు రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి. జింక్ ఒక మైక్రాన్ మందానికి చదరపు మీటరుకి 7.14 గ్రాములు తూగుతుంది. అంటే ఒక్కో వైపు 8 మైక్రాన్ల పైచిలుకు. సీ5లో అది ఏడాది, రెండేళ్లకు సరి. షీటు కోసిన అంచుల్లో జింక్ అసలు ఉండదు. పౌడర్ కోటింగ్ పైన బాగానే కనిపిస్తుంది, కానీ పార తగిలిన చోట, కోసిన అంచు దగ్గర లోపలికి తుప్పు పాకి కోటింగ్ పొక్కులుగా లేస్తుంది. ఆ రాలిన ముక్కలు మట్టిలో ప్లాస్టిక్‌గానే ఉండిపోతాయి. ఈ మూడింటిలో పర్యావరణానికి అన్నిటికంటే చెడ్డది ఇదే.

అల్యూమినియం మీద వేరేవాళ్లు కూడా చెబుతారు. నా మాట ఒక్కటి: సిమెంటు కాంక్రీటు పోసి బిగిస్తే మాత్రం వద్దు. పచ్చి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది, అల్యూమినియాన్ని కరిగిస్తుంది.

ఫ్లాట్‌బార్

పై లెక్కకి ఫ్యాబ్రికేషన్ వైపు నుంచి కలుపుతున్నాను. ఈ మూడింటిలో లేని నాలుగోది మీకు సరిపోతుంది: 100×5 ఎంఎస్ ఫ్లాట్ (100 ఎంఎం వెడల్పు, 5 ఎంఎం మందం ఉన్న మామూలు ఇనుప పట్టీ), కోసి, చిల్లులు వేసి, ఆ తర్వాత హాట్ డిప్ గాల్వనైజింగ్, అంటే కరిగిన జింక్‌లో ముంచి పూత ఎక్కించడం.

ఐఎస్ 4759 అనే భారతీయ ప్రమాణం ప్రకారం 5 ఎంఎం, ఆపైన మందమున్న ఇనుముకి చదరపు మీటరుకి ఒక్కో వైపు 610 గ్రాముల జింక్ ఎక్కాలి. అంటే 85 మైక్రాన్లు. 2 నుంచి 5 ఎంఎం లోపు అయితే 460 గ్రాములే, సుమారు 64 మైక్రాన్లు. అందుకే 3 దగ్గర ఆగకుండా 5కి వెళ్లమంటున్నాను. ఇంకో కారణం, సన్న పట్టీలు 450 డిగ్రీల జింక్ తొట్టెలో మెలి తిరుగుతాయి. 85 మైక్రాన్లు సీ5లో 10 నుంచి 20 ఏళ్లు, సీ4లో 20 నుంచి 40 ఏళ్లు. జింక్ అయిపోయాక కూడా లోపల 5 ఎంఎం ఇనుము నిండుగా ఉంటుంది. తీసి మళ్లీ గాల్వనైజ్ చేయించుకోవచ్చు.

బరువు లెక్క చూడండి. 100×5 ఫ్లాట్ మీటరుకి 3.93 కిలోలు. వంపుల 26 మీటర్లకే పెడితే 102 కిలోలు. 42 మీటర్లకీ 3 ఎంఎం కార్టెన్ పెడితే 99 కిలోలు. వాడే ఇనుము దాదాపు ఒకటే, ఆయుష్షు మూడింతలు తేడా. మన దేశంలో టన్ను ఉక్కుకి సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రపంచ సగటు 1.9 చిల్లర. 102 కిలోలకి 255 కిలోలు. దీన్ని ఇరవై ఏళ్లకి పంచుతారా, ఆరేళ్లకి పంచుతారా అన్నదే అసలు ప్రశ్న.

"మాది తుక్కు ఇనుముతో చేసిన ఫ్లాట్, గ్రీన్ స్టీల్" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. రీరోలింగ్ మిల్లులకి వెళ్లే బిల్లెట్ (పట్టీలు తీసే లోహపు దిమ్మె) ఎక్కువగా ఇండక్షన్ ఫర్నేసుల్లోది. అందులో తుక్కుతోపాటు బొగ్గుతో చేసిన స్పాంజ్ ఐరన్ కూడా కలుస్తుంది. స్పాంజ్ ఐరన్ పాలు ఎక్కువైతే కాలుష్యం తగ్గదు. మన విశాఖ స్టీల్ ప్లాంటు పేరు చెప్పి షీటు అమ్మేవాళ్లని కూడా ఆపి అడగండి. అక్కడ చేసేవి చువ్వలు, వైర్ రాడ్లు, యాంగిల్, చానల్ లాంటివి, షీటు కాదు.

ఇక కాంక్రీటు కట్ట సంగతి అడిగారు. 100 ఎంఎం వెడల్పు, 200 ఎంఎం లోతు కట్టకి మీటరుకి 0.02 ఘనపు మీటర్లు. ఎం20 కాంక్రీటులో ఘనపు మీటరుకి 320 కిలోల సిమెంటు అనుకుంటే మీటరుకి 6.4 కిలోల సిమెంటు. ఏమీ కలపని మామూలు సిమెంటు (ఓపీసీ) అయితే 5 నుంచి 6 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఉక్కు కొలిమి చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంటు అయితే దాదాపు సగానికి దిగుతుంది, మన ఊళ్లో సులువుగా దొరుకుతుంది కూడా. కాబట్టి పుట్టుకలో, అంటే తయారీలో వెలువడే కార్బన్ లెక్కలో, కాంక్రీటు ఇనుముకంటే తక్కువే. కానీ చెట్టు వేరు లేపితే పగులుతుంది, వంపు మార్చాలంటే పగలగొట్టాలి, ఆ ముక్కలు చెత్తకే వెళ్తాయి. ఎప్పటికీ మారని గీతకి కాంక్రీటు తప్పు కాదు. లాన్ వంపు మాత్రం మారుతూ ఉంటుంది.

తెల్ల_లోహం

అల్యూమినియాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టొద్దు. 100×3 పట్టీ 6063 గ్రేడులో మీటరుకి 0.81 కిలోలే. ఒక్క మనిషి మోసుకెళ్లి బిగించగలడు, వెల్డింగ్ లేదు, గాల్వనైజింగ్ లేదు. పీహెచ్ 4 నుంచి 8.5 మధ్య ఉన్న మట్టిలో దాని పైపొర స్థిరంగా ఉంటుంది. పాతదాన్ని కరిగించడానికి కొత్తది తీసే కరెంటులో ఇరవయ్యో వంతు చాలు. తుక్కుకి మంచి రేటు పలుకుతుంది కాబట్టి ఎవరూ పారేయరు. ఇనుప బోర్డర్ పాతబడితే చాలామంది మట్టిలోనే వదిలేస్తారు.

ఫ్లాట్‌బార్

తుక్కు రేటు మాట ఒప్పుకుంటాను. పుట్టుక లెక్క మాత్రం ఒప్పుకోను. కొత్త అల్యూమినియం కిలోకి స్మెల్టర్‌లో 14 యూనిట్ల దాకా కరెంటు కాలుతుంది. మన దేశంలో ఆ స్మెల్టర్లు ఎక్కువగా బొగ్గు కరెంటు మీదే నడుస్తాయి. కిలోకి 15 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. మీటరుకి 0.81 కిలో అంటే 12 కిలోలు. అదే 100×5 ఇనుప ఫ్లాట్‌కి గాల్వనైజింగ్ కలిపినా 10, 11 కిలోలు. తేలిక కదా అని అల్యూమినియం గెలవలేదు. పాత అల్యూమినియంతో చేసిన బిల్లెట్ అని మిల్లు సర్టిఫికెట్ చూపిస్తే అప్పుడు లెక్క తిరగబడుతుంది, నేనే అదే పెట్టమంటాను.

మీరు అల్యూమినియమే తీసుకుంటే మూడు షరతులు. మందం 3 ఎంఎం తగ్గకూడదు, ఉప్పు మట్టిలో పడే గుంటలు 1.5 ఎంఎం పట్టీని దాటేస్తాయి. యానోడైజింగ్ (కరెంటుతో పెంచే రక్షణ పొర) 25 మైక్రాన్లు ఉండాలి, 10 మైక్రాన్లది గది లోపలి కిటికీలకే. రాగి తీగ, ఎర్తింగ్ పట్టీ ఏదీ దాన్ని తాకకూడదు.

మట్టి_పరీక్ష

మీ రెండో ప్రశ్నకి ఎవరూ రాలేదు కాబట్టి నేను చెబుతాను.

ఇనుము తుప్పు మట్టికి హాని కాదు. మన ఎర్రమట్టికి ఆ రంగు వచ్చిందే ఐరన్ ఆక్సైడ్ వల్ల. చూడాల్సింది జింక్, ఆపైన పెయింటు.

జింక్ మొక్కకి సూక్ష్మపోషకం. మన రాష్ట్రంలో వరి పొలాలకి జింక్ సల్ఫేటు చల్లుతూనే ఉంటాం. హెక్టారుకి 50 కిలోల మోతాదు అంటే చదరపు మీటరుకి ఒక గ్రాము జింక్. ఇప్పుడు గాల్వనైజ్ చేసిన పట్టీ చూడండి. 26 మీటర్లు, 100 ఎంఎం ఎత్తు, రెండు వైపులా కలిపి 5.2 చదరపు మీటర్లు. ఏడాదికి 5 మైక్రాన్లు అరిగిందని లెక్కేస్తే 185 గ్రాములు. ఇది తోటంతా పరుచుకోదు. పట్టీకి అటూ ఇటూ 10 సెంటీమీటర్ల మట్టిలోనే ఎక్కువగా ఉండిపోతుంది. అంటే చదరపు మీటరుకి 35 గ్రాములు, ఏటా. గడ్డి, క్రోటన్లు, మందారాలు తట్టుకుంటాయి. పాలకూర, తోటకూర లాంటివి మాత్రం మట్టిలో జింక్ పెరిగితే ఆకుల్లోకి లాక్కుంటాయి. ముందు అవే దెబ్బతింటాయి కూడా, లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. మట్టి పుల్లగా ఉంటే ఇది ఎక్కువ. పీహెచ్ 6.5 పైన ఉంటే జింక్ చాలావరకు మట్టికే అంటుకుపోతుంది.

కాబట్టి కూర మడులకి గాల్వనైజ్ చేసిన పట్టీ వద్దు. లాన్‌కీ పూల మడికీ మధ్య పెట్టండి, ఇబ్బంది లేదు.

పెయింటు దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. ఐఎస్ 2074 రకం రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లో జింక్ క్రోమేటు కలుస్తుంది. క్రోమేటు అంటే విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం. పసుపు రంగు జింక్ క్రోమేట్ ప్రైమరూ అంతే. డబ్బా మీద జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ అని ఉన్నది తీసుకోండి. రెడ్ లెడ్ అన్నదాన్ని ముట్టుకోవద్దు, అది సీసం. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నుంచి నిబంధన అమల్లో ఉంది, కానీ ఫ్యాక్టరీల కోసం చేసే పెయింట్లు ఆ నిబంధన కిందికి రావు. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో వాడేవి తరచు అవే. కొందరు మట్టిలో ఉండే భాగానికి కోల్ టార్ ఎపాక్సీ పూస్తారు. అది తుప్పుని బాగానే ఆపుతుంది కానీ అందులో క్యాన్సర్ కారక హైడ్రోకార్బన్లు ఉంటాయి. తోటలో వద్దు.

మరో సంగతి, ఎరువు. పొటాష్ అంటే అందరూ ఎంవోపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) తెస్తారు. దాని బరువులో సగానికి దగ్గరగా క్లోరైడే. మీ బోరు నీళ్లలో ఉప్పుకి ఇది తోడైతే ఏ మెటల్ అయినా తొందరగా పోతుంది. బోర్డర్ పక్క మడులకి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. ఎరువు పట్టీకి 15 సెంటీమీటర్ల దూరంలో వేయండి.

రాతిపట్టీ

తిన్నగా ఉన్న 16 మీటర్లకి మెటల్ ఎందుకు? వంపులకి మెటల్‌కి సాటి లేదు, నిజమే. తిన్నని గీతకి మాత్రం నిలువుగా పాతిన రాయి దీనికంటే ఎక్కువ కాలం ఉంటుంది. రాతిలోంచి మట్టిలోకి దిగేదేమీ ఉండదు, కూర మడులకి బెంగ తీరుతుంది.

గ్రానైట్ కోత యార్డుల్లో పక్కన పడేసే పట్టీలు అడగండి. 18 నుంచి 30 ఎంఎం మందం, 200 ఎంఎం వెడల్పు ఉన్నవి చాలు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నుంచి వచ్చే గ్రానైట్ ఇక్కడ ఎటూ కోస్తారు, ముక్కలు మిగులుతాయి. కొత్త పలకని కోయించొద్దు, మిగిలిన ముక్కలు తీసుకోవడంలోనే లాభం ఉంది. కడప బండ కూడా పనికొస్తుంది కానీ అది పొరలుగా ఉండే సున్నపురాయి. ఉప్పు నీరు పొరల్లోకి దిగి, ఆరి, స్ఫటికాలుగా మారితే పెచ్చులు లేస్తుంది. మీ ఉప్పు బోరు నీళ్లకి గ్రానైటే నయం.

పాతే పద్ధతి: 150 ఎంఎం వెడల్పు, 180 ఎంఎం లోతు కందకం. అడుగున 40 ఎంఎం క్వారీ డస్ట్ వేసి తడిపి దిమ్మిస కొట్టాలి. రాయి 140 ఎంఎం లోపల, 60 ఎంఎం పైన ఉండాలి. రెండు పక్కలా మళ్లీ డస్ట్ వేసి దట్టించాలి. సిమెంటు అక్కర్లేదు. రాళ్ల మధ్య 3 ఎంఎం సందు వదిలితే వాన నీరు పోతుంది. గడ్డి వైపు వచ్చే రాళ్లకి మాత్రం సందు వెనక చిన్న రాతి ముక్క అడ్డం పెట్టండి, గరిక ఆ సందులోంచే దూరుతుంది.

డస్ట్ బదులు బీచ్ ఇసుక పోస్తామంటే ఒప్పుకోకండి. అందులో ఉప్పు ఉంటుంది, తీరం నుంచి ఇసుక తవ్వడం తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం నిషిద్ధం కూడా. లాన్ ఎత్తు పెంచడానికి తెచ్చే ఎర్రమట్టి ఎక్కణ్నుంచి వస్తోందో కూడా అడగండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు భూవారసత్వ స్థలం. అక్కడి మట్టి ఒక్క లారీ తెచ్చినా, బోర్డర్ విషయంలో మనం ఇక్కడ పడుతున్న జాగ్రత్తంతా వృథా అయినట్టే.

రుషికొండ_పచ్చిక

చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. 26 మీటర్లకి గాల్వనైజ్ చేసిన ఫ్లాట్, 16 మీటర్లకి గ్రానైట్ ముక్కలు అనుకుంటున్నాను. ఇంకో మూడు సందేహాలు. ఫ్లాట్ బార్ గాజువాక ఆటోనగర్‌లో పాతది కొనొచ్చా? కాంక్రీటు పోయకుండా బిగిస్తే తుఫాను వానకి నిలుస్తుందా? స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే ఈ గొడవే ఉండదు కదా అని ఇంట్లో అంటున్నారు.

మైక్రాన్_లెక్క

స్టెయిన్‌లెస్ గురించి ముందు. సముద్రం దగ్గర 304 గ్రేడుకి గోధుమ రంగు మరకలు పడతాయి. మట్టిలో ఉన్న భాగానికి, జాయింటు సందుల్లో గుంటలు పడతాయి. 316 అయితే నిలుస్తుంది, ఖరీదు చాలా ఎక్కువ. అసలు ప్రమాదం ఏమిటంటే 304 అని చెప్పి 202 ఇస్తారు. అందులో నికెల్ తక్కువ, మాంగనీసు ఎక్కువ, ఉప్పుగాలికి అసలు ఆగదు. అయస్కాంతం పరీక్షతో తేడా తెలియదు, రెండూ అంటుకోవు. మాంగనీసుని చూపించే చుక్కల మందు పరీక్ష చేయించాలి, లేదా మిల్లు సర్టిఫికెట్ చూడాలి. 26 మీటర్ల తోట అంచుకి 316లో ఉండే నికెల్, మాలిబ్డినం లాంటి లోహాలు అంత అవసరం లేదని నా అభిప్రాయం. బోల్టులకి మాత్రం 316 వాడండి. చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు, పెద్ద జింక్ పట్టీ అయితే ఇబ్బంది రాదు. తలకిందులుగా, పెద్ద స్టెయిన్‌లెస్ పట్టీకి చిన్న జీఐ బోల్టు పెడితే బోల్టు ముందే పోతుంది.

ఫ్లాట్‌బార్

పాత ఫ్లాట్ కొనడం అన్నిటికంటే మంచి పని. కొత్త ఇనుము పుట్టుక ఖర్చు మొత్తం తప్పుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది రెండే. అంచు మందం కాలిపర్‌తో కొలవండి, 4.5 ఎంఎం కంటే తగ్గితే వదిలేయండి. 5 ఎంఎం దిగువకి వస్తే గాల్వనైజింగ్‌లో జింక్ కూడా 460 గ్రాముల లెక్కలోకి దిగుతుందని గుర్తుంచుకోండి. రెండోది పాత పెయింటు. గాల్వనైజింగ్ ముందు చేసే యాసిడ్ పికిలింగ్ తుప్పుని తీస్తుంది కానీ పెయింటుని తీయదు. పెయింటు మిగిలిన చోట జింక్ అంటదు, నల్ల మచ్చగా ఉండిపోతుంది. దాన్ని ఇంటి దగ్గర గ్రైండర్‌తో గీకితే సీసం ధూళి మీ తోటలోనే పడుతుంది. షాట్ బ్లాస్టింగ్ (ఇనుప గుళ్లు వేగంగా కొట్టి శుభ్రం చేయడం) చేసే షాపులో తీయించండి, లేదా పెయింటు లేని తుప్పు పట్టిన ఫ్లాట్లే ఏరుకోండి. పైపై తుప్పు ఇబ్బంది కాదు.

కొలతలు. ఫ్లాట్ 6 మీటర్ల పొడవుల్లో వస్తుంది. ఐదు పొడవులు తీసుకుంటే 30 మీటర్లు. మిగిలే 4 మీటర్లలో జాయింటు పట్టీలు, ఒక్కోటి 150 ఎంఎం. తొట్టె పొడవు ఎంతో గాల్వనైజింగ్ యూనిట్లో ముందే కనుక్కోండి. చిన్నదైతే 3 మీటర్ల ముక్కలు చేయండి. గూటాలకి 25×25×3 యాంగిల్, 400 ఎంఎం పొడవు, కింది కొస ఏటవాలుగా కోసినవి. ఇసుక మట్టి కాబట్టి 300 ఎంఎం చాలదు. ప్రతి 750 ఎంఎంకి ఒకటి, బిగువు వంపుల్లో 450 ఎంఎంకి ఒకటి. మొత్తం 40 గూటాలు చేయించండి, 18 కిలోల లోపు వస్తాయి.

చిల్లులు, కోతలు, వంపులు అన్నీ గాల్వనైజింగ్‌కి ముందే అయిపోవాలి. ఎం8 బోల్టుకి 10 ఎంఎం చిల్లు వేయండి, జింక్ ఎక్కాక కన్నం ఇరుకవుతుంది. జాయింటు దగ్గర చిల్లు గుండ్రంగా కాక 10×20 పొడవు గాడిగా ఉండాలి. మూడు మీటర్ల ఇనుము 30 డిగ్రీల వేడి తేడాకి ఒక ఎంఎం పైగా సాగుతుంది, అల్యూమినియం అయితే రెండు. మే నెల ఎండలో గాడి లేకపోతే పట్టీ పాములా మెలి తిరిగి గూటాలని లాగేస్తుంది. వంపు వ్యాసార్థం 2 మీటర్లు దాటితే 5 ఎంఎం ఫ్లాట్ దానంతటదే వంగి కూర్చుంటుంది, లాగి గూటాలకి బిగిస్తే చాలు. అంతకంటే బిగువైన వంపుని రోలింగ్ మెషిన్‌లో ముందే తిప్పించాలి. గాల్వనైజింగ్ తర్వాత సుత్తితో కొట్టి వంచితే జింక్ పొర చిట్లుతుంది.

సైటులో వెల్డింగ్ అస్సలు వద్దు. వెల్డింగ్ వేడికి జింక్ కాలిపోతుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే వెల్డర్‌కి జ్వరం వస్తుంది, సరిగ్గా ఆ చోటే తుప్పు మొదలవుతుంది. తప్పనిసరిగా కోయాల్సి వస్తే కోసిన అంచుకి జింక్ రిచ్ పెయింటు రెండు పూతలు వేయండి.

కాంక్రీటు అక్కర్లేదు. కాంక్రీటులో దిగిన పట్టీని మళ్లీ తీయలేం, అప్పుడు రీసైకిల్ మాటే ఉండదు. తుఫాను వానకి పట్టీ లేచిపోవడానికి కారణం గాలి కాదు. లాన్ మీద నిలిచిన నీరు ఒక చోట అంచు దాటి, అవతలి మట్టిని కోసేస్తుంది. దానికి మందు నీటికి దారివ్వడమే. పల్లం వైపు ప్రతి 1.5 మీటర్లకి పట్టీలో 20 ఎంఎం చిల్లు వేయించండి, సరిగ్గా మట్టి మట్టానికి. చిల్లుల అవతల రెండు దోసిళ్ల కంకర పోస్తే మట్టి కొట్టుకుపోదు.

బిగించేటప్పుడు కందకం 80 ఎంఎం వెడల్పు చాలు. ముందు గూటాలు మడి వైపు దించి, ఆపైన పట్టీ, ఆపైన బోల్టు. పట్టీ పై అంచు మట్టికి 15 ఎంఎం పైన ఉంటే గడ్డి కోసే మెషిన్ చక్రం దాని మీదుగా పోతుంది. మిగతా 85 ఎంఎం గరిక పిలకలకి అడ్డు. గరిక వేరు ఇంకా లోతుకి పోతుంది నిజమే, కానీ పక్కకి పాకే పిలకలు ఎక్కువ పై పొరలోనే ఉంటాయి. లోపలి నుంచి తప్పించుకున్నవి ఏడాదికి రెండుసార్లు పారతో కోస్తే సరిపోతుంది. మట్టిని 50 ఎంఎం చొప్పున రెండు పొరలుగా, రెండు వైపులా ఒకేసారి దట్టించండి. ఒక వైపే దట్టిస్తే పట్టీ పక్కకి ఒరిగి వంపు గీత పోతుంది.

గాల్వనైజింగ్ నుంచి వచ్చాక కొసల్లో జింక్ బొట్లు కత్తుల్లా నిలబడి ఉంటాయి. పిల్లలు ఆడే చోటు కాబట్టి బిగించే ముందు పై అంచుకి ఉన్నవాటిని ఆకురాయితో తేలిగ్గా రుద్దేయండి. గ్రైండర్ పెట్టొద్దు, బొట్టుతోపాటు పొర కూడా పోతుంది.

మట్టి_పరీక్ష

ఒకటి మరిచాను. 42 మీటర్ల బోర్డర్ అంటే లాన్ పెద్దదే. వంద చదరపు మీటర్ల గడ్డి వేసవిలో రోజుకి 500 లీటర్ల నీళ్లు తాగుతుంది. మీ ఉప్పు బోరు నీళ్లతో అంత తడిపితే ఉప్పు ఏటా పై పొరలో పేరుకుంటుంది, గడ్డికీ పట్టీకీ రెండింటికీ చేటు. లాన్ సగానికి తగ్గించి, మిగతా చోట ఉప్పు తట్టుకునే గన్నేరు, పేపర్ పూలు, నేల మీద పాకే బీచ్ తీగల్లాంటివి వేస్తే బోర్డరు పొడవూ తగ్గుతుంది. గీత గీసే ముందే ఇది తేల్చుకోండి, ఫ్లాట్ కొన్నాక కాదు.

రుషికొండ_పచ్చిక

గీత ఇంకా సున్నంతోనే ఉంది. లాన్ వెనక భాగం తీసేస్తే వంపు 26 నుంచి 17 మీటర్లకి దిగుతోంది. అప్పుడు 6 మీటర్ల ఫ్లాట్లు మూడు చాలా, జాయింటు పట్టీలకి మిగులుతుందా?

ఫ్లాట్‌బార్

మూడు పొడవులు 18 మీటర్లు, మిగిలేది మీటరు. జాయింట్లు రెండే కాబట్టి 150 ఎంఎం పట్టీలు రెండు, 300 ఎంఎం పోతుంది. మూడు చాలు. 3 మీటర్ల ముక్కలు చేయాల్సి వస్తే జాయింట్లు ఐదవుతాయి, అప్పుడు 750 ఎంఎం, అదీ సరిపోతుంది. పాత ఫ్లాట్‌లో కొసలు వంకరగా ఉంటే మాత్రం నాలుగోది తీసుకోండి. మొత్తం 70 కిలోల సరుకుని గాల్వనైజింగ్ యూనిట్లు ఒక్కదాన్నే తీసుకోవు, గేటు, డ్రైన్ జాలీలు ఏవైనా ఉంటే కలిపి పంపండి. వచ్చాక రశీదుతోపాటు జింక్ మందం రీడింగ్ అడగండి. 5 ఎంఎం మందం నిండుగా ఉన్న ఫ్లాట్ అయితే, ఒక్కో ముక్కకి ఐదు చోట్ల కొలిచిన సగటు 85 మైక్రాన్లకి తగ్గితే వెనక్కి పంపే హక్కు మీకుంది.